కోసేసిన జోలపాట

పోయినవారం మిమ్మల్ని మా వంటింటి గుమ్మంలో నిలబెట్టి వదిలేశాను. గుమ్మంలో నేను, పొయ్యి దగ్గర అత్తయ్య, ఇద్దరి మధ్యా చేతిలో స్క్రూడ్రైవరుతో మా ఆయన. పది రోజులు నోరు విప్పొద్దని డాక్టరు చెప్పాడని అత్తయ్య పలక మీద రాసి చూపిస్తే, నేను అనకూడని మాట ఒకటి అనేశాను. "గొంతు పోయిందో, పోనిచ్చారో" అన్నాను. నా నోటికి బ్రేకు లేదని డిపోలో అందరికీ తెలుసు, ఇంట్లో ఆ రోజే తెలిసింది. అత్తయ్య పలక తుడిచేసి, గరిటె కింద పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నేను సిటీ బస్సు నడుపుతాను. మా ఆయన ముందుగదిలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. మాకు ఎనిమిది నెలల కూతురు. దానికి నిక్షేపంలాంటి పేరొకటి పెట్టాం కానీ ఇంటిల్లిపాదికీ అది బుడంకాయే. సోమవారం పొద్దున ఆరింటికి నేను మళ్ళీ స్టీరింగు పట్టుకోవాలి. ఇక సెలవు పొడిగించడం కుదరదని, ఆ రోజు రాకపోతే తొమ్మిదేళ్ళ సర్వీసూ పోయి కొత్తగా చేరినట్టేనని డిపో మేనేజరు కాగితం పంపాడు. నేను తిరిగి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. ఈలోగా బుడంకాయ రెండుసార్లు నిద్రపోవాలి. పోకపోతే ఏమవుతుందో మా వీధి వీధంతటికీ తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ పగటిపూట అది నిద్రపోయింది అత్తయ్య చేతిలోనే, అదీ ఒక్క పాటకే. ఇప్పుడు ఆ గొంతే మూతపడింది.

ఆ పాట ఎంతో లేదు, నాలుగు ముక్కలు.

"లోపల చీకటి ఎంతుందో
బయట వెలుతురు అంతుంది
తాడు నా చేతిలో ఉంది
నేనెక్కడికీ పోలేదు."

అయిపోగానే మళ్ళీ మొదటికి. లోపల అంటే ఉయ్యాల్లో అనీ, తాడంటే ఉయ్యాల తాడనీ మేమంతా అనుకున్నాం. జోలపాటకి అర్థం అడిగే తీరిక పిల్లలున్న ఇంట్లో ఎవరికుంటుంది చెప్పండి.

శనివారం తెల్లారింది. అత్తయ్య ఎప్పటిలాగే లేచి, టీ పెట్టి, నా ముందు ఠక్కున పెట్టింది. పలక తెచ్చుకుంది కానీ దాని మీద అక్షరం ముక్క లేదు. మాట్లాడకూడని మనిషి అలిగితే ఎలా తెలుస్తుందా అనుకునేదాన్ని. ఇదిగో, ఇలా తెలుస్తుంది.

గురువారం నుంచీ మేం పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. మొదట మా ఆయన పాడాడు. ఆయన గొంతు గురించి నేను చెప్పను. కట్టుకున్నవాణ్ణి నలుగురిలో పలచన చెయ్యడం నాకిష్టం లేదు. తర్వాత నేను అందుకున్నాను. బుడంకాయ నా మొహంలోకి చూసి, ఎక్కాల్సిన బస్సు కాకుండా వేరేది ఎక్కేసిన ప్రయాణికురాలిలా కంగారుపడి, గుక్కపెట్టింది. అదే పాట, అవే ముక్కలు, అదే వరస. వీపు మీద జోకొడుతూనే ఉన్నాం. చేతులు పడిపోయాయి కానీ పిల్ల కళ్ళు మూతపడలేదు.

పదవుతుండగా మా ఆయన ముందుగదిలోంచి ఫోను పట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"దొరికింది. రెండు నెలల క్రితం చెల్లికి పంపిద్దామని అమ్మ పాడుతుంటే రికార్డు చేశా కదా. అసలు సంగతే మర్చిపోయాను."

"ఇన్నాళ్ళూ ఏం చేశావు మహానుభావా? మూడు రోజుల్నుంచి పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిపోతుంటే."

"ఉండు, పూర్తిగా విను. నిన్న సాయంత్రం కనపడింది, అప్పట్నుంచీ కూర్చుని దాన్ని శుభ్రం చేశా. మధ్యమధ్యలో అమ్మ ఊపిరి పీల్చుకునే ఖాళీలు, ఏవో టపటప చప్పుళ్ళు, అన్నీ ఏరిపారేశా. ఇప్పుడు పాట గీత గీసినట్టు వస్తుంది."

బుడంకాయని భుజాన వేసుకుని ఫోను నొక్కాడు. అత్తయ్య గొంతు గదంతా నిండింది. పిల్ల ఏడుపు ఆపి తలెత్తింది. నేను కళ్ళు మూసుకుని, ఇక గట్టెక్కాం అనుకున్నాను. లోపల చీకటి ఎంతుందో బయట వెలుతురు అంతుంది తాడు నా చేతిలో ఉంది నేనెక్కడికీ పోలేదు లోపల చీకటి ఎంతుందో, ఒకదాని వెంట ఒకటి, రైలు పెట్టెల్లా వెళ్ళిపోతున్నాయి ముక్కలు. బుడంకాయ కింది పెదవి వణికింది. తర్వాత అది పెట్టిన కేకకి ముందుగదిలో గోడకి వేలాడుతున్న కత్తెరలు కదిలాయంటే మీరు నమ్మరు.

అత్తయ్య గది తలుపు ధడాలున తెరుచుకుంది. చేతిలో పలక.

"నా పాట ఎవరు కోసారు"

"కొయ్యలేదమ్మా, శుభ్రం చేశా" అన్నాడు మా ఆయన.

అత్తయ్య అరచేత్తో తుడిచి మళ్ళీ రాసింది. "బుది లేదా"

"బుది అంటే ఏంటమ్మా?"

అత్తయ్యకి ఒత్తులు పెట్టే అలవాటు లేదు. నాకు అర్థమైంది. "బుద్ధి లేదా అని" అన్నాను. నవ్వు రావలసిన చోటే, కానీ పిల్ల ఏడుస్తోంది, సోమవారం నెత్తి మీదికొచ్చింది, నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"అత్తయ్యా, ఇప్పుడైనా ఉన్నమాట చెప్పండి. నేను మళ్ళీ బస్సెక్కడం మీకిష్టం లేదు. ఉంటే ఇన్నాళ్ళలో ఒక్కసారైనా మాకు కూర్చోబెట్టి నేర్పేవారు. ఆ పాటలో ఏదో ఉంది. అది మీ దగ్గరే దాచుకున్నారు."

మా ఆయన "ఊరుకో" అన్నాడు. నేను ఊరుకోలేదు. "మీరు లేకపోతే ఇల్లు గడవదని అనుకోవడం మీకు ఇష్టం. కాదంటారా?"

అత్తయ్య నా వంక చూసింది. అరవై దాటిన మనిషి, నా భుజం దాకా కూడా రాదు, ఆ చూపుకి మాత్రం నేను ఒకడుగు వెనక్కి వేశాను. పలక తుడిచి రాసింది.

"దాచలా. మీరు వినలా."

పలక నా చేతిలో పెట్టి, కొడుకుని రెక్క పట్టుకుని కుర్చీలో కూలేసింది. పిల్లని ఆయన భుజం మీద సరిచేసింది. పాడమన్నట్టు గడ్డం ఎగరేసింది. ఆయన పాడుతూ అలవాటు చొప్పున జోకొట్టడం మొదలుపెట్టగానే మణికట్టు పట్టుకుని ఆపింది. "లోపల చీకటి ఎంతుందో" అయిపోయింది. ఆయన రెండో ముక్క అందుకోబోతుంటే టక్కున అరచేత్తో నోరు మూసింది.

గది నిశ్శబ్దం. బుడంకాయ కూడా ఏమైందా అని ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగిన చోట అత్తయ్య రెండు వేళ్ళతో పిల్ల వీపు మీద కొట్టింది. టప్, టప్. రెండే. చెయ్యి తీసేసింది. ఇప్పుడు పాడు అన్నట్టు కళ్ళతో చెప్పింది.

"బయట వెలుతురు అంతుంది." అరచెయ్యి. నిశ్శబ్దం. టప్, టప్.

"తాడు నా చేతిలో ఉంది." టప్, టప్.

మూడోసారి తిరిగొచ్చేసరికి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. నాలుగోసారికి బుడంకాయ ఏడవడం మానేసి, ప్రతి ముక్క చివరా కళ్ళు పెద్దవి చేసుకుని ఆ రెండు దెబ్బల కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. పడగానే తేలిగ్గా ఊపిరి వదిలేది. ఆరోసారికి ఎదురుచూసే ఓపిక కూడా లేక నాన్న భుజం మీద చొంగ కారుస్తూ నిద్రపోయింది.

మా ఆయన కదలకుండా, పెదవులు మాత్రం ఆడిస్తూ అన్నాడు, "ఆగి రెండు, ఆగి రెండు. ఇన్నాళ్ళూ నేను ఆ చప్పుడు ఊరికే జోకొట్టడం అనుకున్నా."

"పక్కవీధిలో మిషను తిరుగుతుంటే ఏ మర వదులైందో ఇక్కణ్ణుంచి చెప్తావు. కన్నతల్లి పాట మాత్రం వినపడలేదు" అన్నాను. ఆ మాట నాకూ వర్తిస్తుందని అనేశాక తెలిసింది.

పిల్లని పడుకోబెట్టి అత్తయ్య పక్కన కూలబడ్డాను. "ఎందుకు ఆగాలి అత్తయ్యా? రెండే ఎందుకు?"

పలక చాలలేదు. నా పాత డ్యూటీ చార్టు ఒకటి వెనక్కి తిప్పి ఇచ్చాను. పెన్ను గట్టిగా పట్టుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని, ఇరవై నిమిషాలు రాసింది. నేను భుజం మీంచి చదువుతూనే ఉన్నాను. ఒత్తులు నేను పెట్టి చెప్తున్నాను.

పెళ్ళి కాకముందూ, అయిన తర్వాత కొన్నేళ్ళూ అత్తయ్య నీళ్ళ ట్యాంకులు కడిగే పని చేసిందట. ఇళ్ళ మీద ఉండే చిన్నవి కాదు, కాలనీలకి నీళ్ళిచ్చే పెద్ద ఇనప ట్యాంకులు. పైన మూత, మూత కింద మనిషి పట్టీ పట్టనంత బెజ్జం. ఒకళ్ళు నడుముకి తాడు కట్టుకుని లోపలికి దిగి తుప్పు గీకాలి. ఒకళ్ళు పైన తాడు పట్టుకుని కూర్చోవాలి. లోపల గాలి తక్కువ. కళ్ళు తిరిగి పడిపోతే అరవడానికి కూడా ఓపిక ఉండదు. అందుకని పైనున్న మనిషి ఆపకుండా పాడుతూ ఉండాలి. ఒక్కో ముక్కకీ లోపలున్న మనిషి గీకే చేత్తోనే గోడ మీద రెండు దెబ్బలు కొట్టాలి. మాట పనికిరాదు, గుంయ్‌మని లోపలే తిరుగుతుంది. దెబ్బయితే పైకి తెలుస్తుంది. దెబ్బలు రాకపోతే అదే ముక్క మళ్ళీ పాడాలి. అప్పటికీ రాకపోతే తాడు లాగెయ్యాలి.

"అంటే మీరు పైన కూర్చుని పాడేవారన్నమాట" అన్నాను.

అత్తయ్య చప్పుడు లేకుండా నవ్వింది. కాగితం మీద సున్నా ఒకటి గీసి, తన చిన్న భుజాలు చూపించింది. కింద రాసింది. "ఆ బెజ్జంలో నేనే పడతా. లోపల నేను."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడమెందుకు, వచ్చింది. ఇన్నాళ్ళూ అత్తయ్య పాడింది తన పాట కాదు, చీకట్లో తనకి వినపడ్డ పాట. అది వింటూ ఎన్ని వందలసార్లు బతికి బయటపడిందో, అదే తెచ్చి నా కూతురి చెవిలో పోసింది. దానితోపాటు తాను కొట్టిన దెబ్బలు కూడా.

మా ఆయన నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చిన్నప్పుడు భయపడతావని. పెద్దయ్యాక నువ్వు అడగలా" అని రాసి, ఇంకో వరస చేర్చింది. "లోపల ఉన్నవాళ్ళకి పాట బాగుందా లేదా పట్టదు. ఆగిందా, ఉందా, అదొక్కటే. అందుకే నీ గొంతైనా పిల్ల ఒప్పుకుంది."

ముగ్గురం నవ్వాం. పిల్ల లేస్తుందని నోటికి చేతులడ్డం పెట్టుకుని మరీ నవ్వాం.

"అత్తయ్యా, మొన్న నేనన్న మాట" అని మొదలుపెట్టాను. నాకు క్షమాపణ చెప్పడం రాదు, రివర్సు గేరులా ఎప్పుడూ బరువుగా పడుతుంది.

ఆవిడ నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. "నేనైతే ఇంకా రెండు ఎక్కువ అనేదాన్ని. కాగితాలు దండగ, వదిలెయ్" అని రాసింది. నా తల మీద ఒక మొట్టికాయ కూడా వేసింది, అది ఉచితం.

ఇక అసలు పరీక్ష మిగిలింది. సోమవారం పొద్దున అత్తయ్య గొంతు కోసం ఆస్పత్రికి వెళ్ళాలి, నేను బస్సులో ఉంటాను. ఇంట్లో మిగిలేది తండ్రీ కూతురూ. కాబట్టి మధ్యాహ్నం నిద్రవేళకి మేమిద్దరం బయటికి వెళ్ళిపోవాలని తీర్మానం చేశాం. తలుపు వేసేసి మెట్ల మీద కూర్చున్నాం. అత్తయ్య ఒడిలో పలక, నా ఒడిలో చెప్పులు. లోపల బుడంకాయ రాగం అందుకుంది. మా ఆయన కూడా అందుకున్నాడు. రెండిట్లో ఏది ఘోరమో చెప్పలేను.

మొదటి ముక్క. నిశ్శబ్దం. మాకు దెబ్బలు వినపడవు కానీ మా ఇద్దరి వేళ్ళూ మోకాళ్ళ మీద వాటంతటవే పడ్డాయి. రెండో ముక్క. మూడు. మళ్ళీ మొదలు. మధ్యలో ఒకచోట ఆయన కంగారులో ఆగకుండా వెళ్ళిపోయాడు. లోపల్నుంచి "ఊఁ" అని బుడంకాయ గద్దింపు వినపడింది. ఆయన బుద్ధిగా వెనక్కొచ్చి, ఆ ముక్క మళ్ళీ పాడి, ఆగాడు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని నలిపేసింది.

ఎనిమిదోసారో తొమ్మిదోసారో, పాట ఆగింది. ఏడుపు లేదు. తలుపు సందులోంచి మా ఆయన తల బయటికొచ్చింది. చెమటలు కారుతున్నాయి, జుట్టు నిలబడి ఉంది, పెళ్ళినాడు కూడా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు.

"పడుకుంది" అన్నాడు పెదవులతో.

నేను చెప్పులు అక్కడే పడేసి మెట్ల మలుపులో గిరగిరా తిరిగాను. అత్తయ్య చప్పట్లు కొట్టబోయి, పిల్ల గుర్తొచ్చి, గాల్లోనే చేతులు కలపకుండా కొట్టింది. సోమవారం ఆరింటి బస్సు నాదే. తొమ్మిదేళ్ళ సర్వీసూ నాదే. ఎవరో నా గుండెల మీంచి గ్యాసు సిలిండరు దింపినట్టుంది.

సంతోషంలో ఉన్నప్పుడే నాకు ప్రశ్నలు పుడతాయి. అత్తయ్య పక్కన మళ్ళీ కూర్చుని అడిగాను. "ఇంతకీ పైన కూర్చుని పాడిందెవరు? మామయ్యా?"

అత్తయ్య తల అడ్డంగా ఊపింది. పోయిన మామయ్యకి స్టూలెక్కితేనే కాళ్ళు వణికేవట.  పలక అందుకుని రాసింది.

"పొడుగక్క. పదకొండేళ్ళు నా తాడు ఆవిడ చేతిలోనే."

"తర్వాత?"

"ఒకరోజు వదిలేసింది. పడ్డా. మోచెయ్యి విరిగింది. ముప్ఫయ్యేళ్ళయింది. మాటల్లేవు." ఎడమ చెయ్యి పూర్తిగా ఎందుకు చాపదో ఇన్నేళ్ళూ నేను అడగనే లేదు.

"పాట మాత్రం మానలేదు మీరు."

"పాటేం చేసింది" అని రాసింది. తుడిచేసింది. ఇంకోటి రాసింది. ఈసారి పలక నా వైపు తిప్పడానికి కొంచెం సిగ్గుపడింది.

"ఆవిడ నీ బస్సులోనే. నువ్వు అన్నం డబ్బా మర్చిపోతే తెచ్చినప్పుడు చూసా. నీ వెనక సీటు. నువ్వు సోమవారం మానకు. నువ్వు బస్సెక్కకపోతే నాకు ఆవిడ కబురు లేదు."

నాకు ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. రోజూ డ్యూటీ దిగి రాగానే, ఇవాళ బస్సులో ఎవరెవరు ఎక్కారు, ఆరోగ్యంగా ఉన్నారా, గొడుగు తెచ్చుకున్నారా అని గుచ్చి గుచ్చి అడిగేది. ముసలావిడకి ఊళ్ళో కబుర్ల మీద ఆశ అనుకునేదాన్ని. నేను బస్సెక్కడం ఇష్టం లేదని ఈవిడ మీదనా నేను ఎగిరిపడ్డాను?

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి గుర్తొచ్చింది. రోజూ పొద్దున ఆరింటి బస్సులో నా వెనక సీటులో కూర్చునే పొడుగాటి మనిషి నాకెందుకు తెలియదు? సెలవు పెట్టే ముందు నా ఆఖరి రోజున, దిగుతూ దిగుతూ ఆవిడ నా భుజం తట్టింది. ఆ అన్నం డబ్బా తెచ్చినావిడ, చిన్నగా, గట్టిగా ఉంటుంది, మీ అత్తేగా అంది. అవునన్నాను. అప్పుడొక మాట చెప్పి దిగిపోయింది. తల తిరిగే నెలల్లో ఉన్నాను, వెనక బస్సు హారను కొడుతోంది, తలా తోకా లేని మాటలే అనుకుని మర్చిపోయాను. అది పది నెలలుగా నా దగ్గరే ఉండిపోయింది.

"అత్తయ్యా, ఆవిడ మీకు ఒక కబురు పంపింది. చెప్పడం మర్చిపోయాను. తప్పు నాది."

ఆవిడ పూర్తిగా నా వైపు తిరిగింది.

"తాడు నేను వదల్లేదు, తెగింది అని చెప్పమంది. తెగిన ముక్క ఇంకా తన దగ్గరే ఉందట."

అత్తయ్య పలక వంక చూసింది. దాన్ని తీసి పక్కనున్న మెట్టు మీద పెట్టింది. డాక్టరు చెప్పిన పది రోజుల్లో ఆ రోజు మూడోది. నేను వద్దు వద్దని చెయ్యి అడ్డం పెట్టేలోపే గొంతు సవరించుకుని, బొంగురుగా, స్పష్టంగా మాట్లాడేసింది.

"ఆస్పత్రికి ఎల్లుండి కాకపోతే ఎప్పుడైనా పోవచ్చు. సోమవారం ఆరింటికి ఆవిడ పక్క సీటు నాకు ఆపు."